చేపలు బాగున్నాయి, నత్తలు చనిపోతున్నాయి: ఒక తొలి ఉప్పునీటి అక్వేరియం కేస్ స్టడీ

హైదరాబాదులో ఇళ్లలోనూ చిన్న కార్యాలయాల్లోనూ ఉప్పునీటి అక్వేరియాలు అమర్చి, వాటి నిర్వహణ చూడటం నా వృత్తి. ఈ కేసు ఒక అపార్ట్‌మెంటులో ఉండే కుటుంబానిది. వారి అనుమతితోనే రాస్తున్నాను, వారిని గుర్తుపట్టగల వివరాలన్నీ వదిలేశాను. నాలుగు నెలలకు పైగా ఒక మీటరు చూపిన అంకెను నమ్మి నేను నిశ్చింతగా ఉండటం వల్ల ఇందులో ప్రాణులు పోయాయి. అందుకే ఏ దశలో ఏమనుకుని ఏ నిర్ణయం తీసుకున్నానో ఉన్నదున్నట్టు రాయడం అవసరమనిపించింది.

నేపథ్యం

ఆ ఇంట్లో నాలుగేళ్లుగా మంచినీటి చేపలు పెంచుతున్నారు. నీళ్లు మార్చడం, మేత కొలిచి వేయడం, ఫిల్టరు కడగడం ఇంటి యజమానికి బాగా అలవాటు. ఉప్పునీటి ట్యాంకు మాత్రం ఇదే మొదటిది. జనవరి రెండో వారంలో 75 సెంటీమీటర్ల పొడవు, 38 వెడల్పు, 38 ఎత్తు ఉన్న గాజు ట్యాంకు అమర్చాము. రాళ్లు, ఇసుక ఆక్రమించే చోటు తీసేస్తే అందులో పట్టే నీరు సుమారు 85 లీటర్లు. ఉప్పునీటి పెంపకంలో ఇది చిన్న ట్యాంకు కిందే లెక్క. నీరు తక్కువైన కొద్దీ ఏ తప్పయినా త్వరగా బయటపడుతుందని, దిద్దుకునే వ్యవధి తక్కువగా ఉంటుందని వారికి ముందే చెప్పాను.

సముద్రం నుంచి తీసిన రాళ్లు ఇస్తామని ఎవరో వారికి చెప్పారు. నేను వద్దన్నాను. పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. అలాంటి రాళ్ల మీద ఏ పగడం అంటుకుని వస్తుందో కొనేవారికి తెలియదు. అందువల్ల 10 కిలోల పొడి (జీవులేవీ లేని ఎండు) రాళ్లు, ఒక పలచని పొర అరగొనైట్ (కాల్షియం కార్బనేటు) ఇసుక వాడాము. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపూరిత అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా పొడి రాళ్ల మీద ఉండదు కాబట్టి ట్యాంకు సిద్ధం కావడానికి ఎక్కువ కాలం పడుతుంది. అమ్మోనియం క్లోరైడు వేసి అమ్మోనియాను 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దగ్గర ఉంచుతూ, అది నైట్రైటుగా, నైట్రైటు నైట్రేటుగా మారే క్రమాన్ని వారం వారం కిట్‌తో చూశాము. ఫిబ్రవరి చివరికి, సాయంత్రం వేసిన అమ్మోనియా మర్నాటి సాయంత్రానికి సున్నాకు చేరుతోంది, నైట్రైటు కూడా మిగలడం లేదు. మార్చి మొదటి వారంలో, పెంపక కేంద్రంలో పుట్టి పెరిగిన రెండు క్లౌన్ చేపలను వదిలాము. రెండో రోజు నుంచే అవి చేతి దగ్గరికి వచ్చి మేత తినసాగాయి.

ఇక నీటి సంగతి. ఆ భవనంలో బోరు నీరు, ట్యాంకరు నీరు ఒకే సంపులో కలుస్తాయి. నీటిలో కరిగిన పదార్థాల మొత్తాన్ని పీపీఎంలో చూపే టీడీఎస్ మీటరు ముంచితే 700 దాటింది. ఆ నీరు పనికిరాదు, ఆర్వో నీరు కావాలి అన్నాను. వంటింట్లో ఆర్వో మెషీన్ ఉందన్నారు. దాని నీటిలో మీటరు 48 చూపింది. సున్నా అయితే మేలే గాని, పగడాలు పెంచని తొలి ట్యాంకుకు 50 లోపు ఉంటే కాస్త గోధుమరంగు నాచు రావడం మినహా ప్రమాదం ఉండదని నా అంచనా. ఆ మాటే వారికి చెప్పి, ఆ నీటిలోనే ఉప్పు కలిపించాను. ఈ కేసులో జరిగిన తప్పుకు మూలం ఈ నిర్ణయమే.

సమస్య

గోధుమరంగు నాచు అనుకున్నట్టే వచ్చింది. దాన్ని తినడానికి మార్చి మధ్యలో ఐదు టర్బో నత్తలను, ఖాళీ గుల్లల్లో దూరి బతికే రెండు సన్యాసి పీతలను తెచ్చాము. మొదటి రెండు రోజులు నత్తలు గాజు మీద తిరిగి, నాచులో తెల్లటి దారులు చేశాయి. మూడో రోజు నుంచి వాటి నడక మందగించింది. నేను వెళ్లిన రోజు ఒక నత్త ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. తీసి గాజుకు ఆనించి పట్టుకుంటే పాదం అంటుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న టర్బో నత్తను వేలితో తాకితే లోపలికి ముడుచుకుని మూత బిగించుకుంటుంది. ఇది సగం ముడుచుకుని, మూత వాలిపోయి అలాగే ఉండిపోయింది. 11 రోజుల్లో ఐదూ చనిపోయాయి. పీతలు బతికే ఉన్నా ఒక మూలనే కదలకుండా ఉండేవి. చేపలకు మాత్రం ఏ లోటూ లేదు.

చేసి చూసినవి, పనిచేయనివి

నత్తలు చనిపోయినప్పుడు మొదట అనుమానించాల్సింది ఉప్పు శాతాన్నే. దుకాణాల్లో చాలామంది ఉప్పు ఖర్చు తగ్గుతుందని, పరాన్నజీవులు తగ్గుతాయని నీటి సాంద్రతను 1.020 దగ్గర ఉంచుతారు. మా ట్యాంకు 1.025 దగ్గర ఉంది. చేప తన ఒంట్లోని లవణాలను తానే అదుపు చేసుకోగలదు, కాబట్టి ఆ తేడాను కొంతవరకు తట్టుకుంటుంది. నత్తకు ఆ శక్తి లేదు. చుట్టూ ఉన్న నీటి ఉప్పుదనమే దాని ఒంటి ఉప్పుదనం అవుతుంది, మార్పు వేగంగా జరిగితే కణాలు దెబ్బతింటాయి. చేపలు బాగుండి నత్తలు పోవడాన్ని ఈ కారణం చక్కగా వివరిస్తోంది. అప్పుడు నేను నత్తలను అరగంటలోనే ట్యాంకులోకి మార్పించాను కూడా. ఉప్పుదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ల ఉప్పు) ప్రామాణిక ద్రావణంతో సరిచూశాను. ట్యాంకు రీడింగు సరైనదే.

ఏప్రిల్ మొదట్లో మరో నాలుగు నత్తలను తెచ్చి, ఈసారి సన్నని గొట్టంతో చుక్కచుక్కగా మూడు గంటల పాటు ట్యాంకు నీటికి అలవాటు చేసి వదిలాము. రెండు వారాల్లో రెండు చనిపోయాయి, నెలాఖరుకు మిగిలిన రెండూ పోయాయి. మొదటి విడత కంటే ఎక్కువ రోజులు బతికాయి కాబట్టి నా ఊహ సగం నిజమని తీసుకున్నాను. ఆ సగం నిజం నన్ను మరో నెల తప్పుదారిలో ఉంచింది.

ఈ లోగా ఎండలు ముదిరాయి. మే మొదటి వారంలో మధ్యాహ్నం వేళ ట్యాంకు నీరు 31.5 డిగ్రీలకు చేరుతోంది. 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాల్సిన నీరు అంత వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, ప్రాణుల అవసరమేమో పెరుగుతుంది. నత్తల చావుకు ఇదే అసలు కారణమై ఉండవచ్చనిపించింది. చిల్లరు (నీటిని చల్లబరిచే యంత్రం) కొనే ఖర్చు ట్యాంకు ఖర్చు కంటే ఎక్కువ. హైదరాబాదు వేసవి గాలి పొడిగా ఉంటుంది గనుక ఫ్యాను చాలా బాగా పనిచేస్తుంది. ఉక్కపోత ఉండే విశాఖపట్నంలో అయితే అంత ఫలితం ఉండదు. గాజు మూత తీసేసి, చేపలు దూకకుండా వల పరిచి, నీటి ఉపరితలం మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాము. రెండు రోజుల్లో నీరు 27.5 డిగ్రీలకు దిగింది.

ఫ్యాను నీటిని చల్లబరిచేది ఆవిరి చేయడం ద్వారానే. మూత ఉన్నప్పుడు రోజుకు అర లీటరు తగ్గే నీరు ఇప్పుడు 2 లీటర్లు తగ్గసాగింది. ఉప్పు ఆవిరికాదు కాబట్టి తగ్గినంత మేర మంచినీరే పోయాలి. వారు క్రమం తప్పకుండా వంటింటి ఆర్వో నీరు పోస్తూ వచ్చారు. ఉప్పు శాతం అణుమాత్రం కదలలేదు. వేడి తగ్గిందన్న ధైర్యంతో మే మూడో వారంలో ఒక క్లీనర్ రొయ్యను వదలడానికి ఒప్పుకున్నాను. అది ఐదో రోజు చనిపోయింది. వీపు దగ్గర కుబుసం చీలి, తల భాగం బయటికి వచ్చి, కాళ్లు ఇంకా పాత పెంకులోనే ఉన్నాయి. కుబుసం విడిచే సమయం రొయ్యకు అత్యంత బలహీనమైన సమయం. నీటిలో ఏ లోపమున్నా అప్పుడే బయటపడుతుంది.

ఆ రోజే అన్ని పరీక్షలూ మళ్లీ చేశాను. అమ్మోనియా సున్నా, నైట్రైటు సున్నా, నైట్రేటు 10 పీపీఎం, పీహెచ్ 8.1, క్షారత 8 డీకేహెచ్. కాగితం మీద ఇది ఆరోగ్యమైన ట్యాంకు. ఏమిటో తెలియని దోషం ఉన్నప్పుడు నీరు మార్చి దాన్ని పలుచన చేయమన్నది మా వృత్తిలో అందరూ పాటించే పద్ధతి. నాలుగు రోజుల వ్యవధిలో రెండుసార్లు 30 శాతం చొప్పున నీరు మార్పించాను. రెండోసారి మార్చిన మర్నాడు ఇంటి యజమాని ఫోను చేసి, "అన్నా, పీతలు రెండూ గుల్లల్లోంచి బయటికొచ్చి పడున్నాయి, కదలట్లేదు" అన్నారు.

నిర్ధారణ

ఆ ఫోనుతోనే నా ఆలోచన తిరగబడింది. దోషం ట్యాంకులో పుడుతూ ఉంటే నీరు మార్చినప్పుడు పరిస్థితి కొంతైనా మెరుగుపడాలి. రెండు నెలలు ఎలాగో బతికిన పీతలు నీరు మార్చిన వెంటనే చనిపోయాయంటే, దోషం వచ్చే నీటితోనే వస్తోందని అనుకోవాలి. చనిపోయినవేవో, బతికినవేవో కూడా అప్పుడు వేరేగా కనిపించాయి. నత్త, పీత, రొయ్య మూడూ వెన్నెముక లేని జీవులు. చేపలను వదిలేసి వీటిని మాత్రమే చంపేది ఏమిటని అడిగితే ఉప్పునీటి పెంపకంలో మొదట వచ్చే జవాబు రాగి. చేపల మీద వచ్చే తెల్లమచ్చల జబ్బుకు లీటరుకు సుమారు 0.2 మిల్లీగ్రాముల రాగినే మందుగా వాడతారు. చేప దాన్ని ఓర్చుకుంటుంది, నత్తలూ రొయ్యలూ ఓర్చుకోలేవు. వాటి రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థంలోనే రాగి ఉంటుంది, అయినా నీటిలో రాగి మితిమీరితే మొప్పల పని దెబ్బతిని చనిపోతాయి.

రాగి ఎక్కడి నుంచి వస్తోంది? ఉప్పు ప్యాకెట్టు, దుకాణం నుంచి సంచిలో వచ్చిన నీరు, పంపులో తుప్పుపట్టిన భాగం, ఉప్పు కలిపే డ్రమ్ముకు బిగించిన ఇత్తడి కుళాయి, ఇలా జాబితా రాసుకుని ఆ ఇంటికి వెళ్లాను. డ్రమ్ముకు ఉన్నది ప్లాస్టిక్ కుళాయే. పంపు విప్పి చూస్తే శుభ్రంగా ఉంది. నేను ఒక్కొక్కటీ చూస్తూ రాగి గురించి చెబుతుంటే, పక్కనే కూర్చున్న ఇంటి పెద్దావిడ, "మేము ఎన్నో ఏళ్లు రాగిబిందెలో నీళ్లే తాగాం బాబూ. ఈ మెషీన్ తెచ్చినప్పుడు వీడు అదే చెప్పాడు, ఇందులోనే రాగి ఉందమ్మా, ఇక బిందె తోమే పని లేదు అని" అన్నారు.

మెషీన్ ముందు భాగం తెరిచి చూశాను. ఆర్వో పొర తర్వాత కార్బన్ కాట్రిడ్జ్, దాని తర్వాత చిట్టచివర, కుళాయికి ముందు, రాగి కాట్రిడ్జ్ ఉంది. జనవరిలో ఈ మెషీన్ నీటిలో మీటరు ముంచానే గాని మూత తెరిచి చూడలేదు.

టీడీఎస్ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో చూసి, అందులో కరిగిన పదార్థాలు మొత్తం ఎంత ఉండవచ్చో ఒక అంచనా ఇస్తుంది. ఆ పదార్థం సున్నమా, ఉప్పా, రాగా అన్నది చెప్పదు. 48 పీపీఎంలో 0.25 పీపీఎం రాగి ఉన్నా లేకున్నా మీటరుకు ఒకటే. నేను అడగాల్సింది ఎంత ఉందని మాత్రమే అనుకున్నాను, ఏముందని అడగలేదు.

రాగి టెస్ట్ కిట్ తెప్పించి నాలుగు నీళ్లను పరీక్షించాను. స్వేదన జలంలో కలిపిన అదే ఉప్పు సున్నా చూపింది. ఆర్వో పొర దాటిన వెంటనే, రాగి కాట్రిడ్జ్‌కు ముందు గొట్టం విప్పి పట్టిన నీరు కూడా సున్నా. కుళాయి నుంచి పట్టిన నీటిలో మందు చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగితే, రంగు కార్డులో 0.25 గడికి సరిపోయింది. ట్యాంకు నీరు 0.1 దగ్గర నిలిచింది. బహిరంగ సముద్రపు నీటిలో రాగి లీటరుకు 0.001 మిల్లీగ్రాము కన్నా తక్కువే ఉంటుంది. కొన్ని నత్తలను ఒక బకెట్లో ఈ నీటిలో, మరికొన్నింటిని వేరే నీటిలో ఉంచి చూస్తే ఇంకా గట్టి రుజువు దొరుకుతుందని ఒక మిత్రుడు సూచించాడు. కిట్ చెప్పిన తర్వాత అందుకోసం మరిన్ని ప్రాణులను చంపడానికి నాకు మనసొప్పలేదు.

ఇంటివారు వెంటనే అడిగిన ప్రశ్న, తాము తాగే నీటి గురించి. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 రాగికి లీటరుకు 0.05 మిల్లీగ్రాములను కోరదగిన పరిమితిగా, వేరే వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతించదగిన పరిమితిగా పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి 2 మిల్లీగ్రాములు. ఆ అంకెలు వారి ముందుంచి, మనిషి తాగే నీటికి, నత్త రాత్రింబవళ్లు బతకాల్సిన నీటికి కొలతలు వేరని వివరించాను.

తర్వాత లెక్క వేసుకున్నాను. ట్యాంకు నింపినప్పుడు 85 లీటర్లు పోశాము. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రోజుకు అర లీటరు చొప్పున సుమారు 50 లీటర్లు, ఫ్యాన్లు పెట్టాక 18 రోజుల్లో మరో 36 లీటర్లు చేరాయి. అంటే ఆవిరైపోయిన నీటి స్థానంలో ఇంకో ట్యాంకెడు నీరు పోశాము, నీరు పోయింది, రాగి మిగిలింది. వేడికి నేను చేసిన వైద్యం రాగి చేరే వేగాన్ని నాలుగు రెట్లు చేసింది. లెక్క ప్రకారం ట్యాంకులో 0.5 దాకా ఉండాలి. కిట్ 0.1 మాత్రమే చూపుతోందంటే మిగతాదంతా రాళ్లకూ ఇసుకకూ అంటుకుని ఉందన్నమాట. 8 దాటిన పీహెచ్‌లో రాగి, కార్బనేటుతో కూడిన రాళ్లను పట్టుకుంటుంది, నీటిలో తగ్గినప్పుడు మెల్లగా మళ్లీ వదులుతుంది.

ఫలించిన చికిత్స

రాళ్లూ ఇసుకా పారేసి మొదటి నుంచీ మొదలుపెట్టడం ఒక మార్గం. కానీ అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా ఉండేది ఆ రాళ్లలోనే. చేపలు లోపల ఉండగా వాటిని తీసేస్తే ఆరేడు వారాల పాటు చేపలను అమ్మోనియాకు అప్పగించినట్టే. చేపలకు ఈ రాగి వల్ల తక్షణ ప్రమాదం లేదు, వెన్నెముక లేని జీవులేవీ ట్యాంకులో మిగల్లేదు. తొందరపడాల్సిన కారణం ఏదీ లేనప్పుడు నెమ్మదైన దారే మేలని నిర్ణయించాను.

ముందుగా నీటి మూలాన్ని మార్చాము. కొత్త మెషీన్ కొనమనకుండా, రాగి కాట్రిడ్జ్‌కు ముందే ఒక టీ జాయింటు పెట్టి వేరే గొట్టం తీసి, దాని చివర డీఐ రెజిన్ (నీటిలో మిగిలిన లవణాలను పట్టేసే గింజలు) గొట్టం బిగించాము. ఆ నీటిలో మీటరు సున్నా, రాగి కిట్ సున్నా. వంటింటి కుళాయిలో వారికి అలవాటైన నీరే వస్తోంది. వారానికోసారి 40 శాతం నీటిని మూడుసార్లు మార్చాము. ఇసుకను ఒక్కసారే కదపకుండా మూడు విడతల్లో, ప్రతిసారీ మూడో వంతు చొప్పున గొట్టంతో లాగేశాము. ఫిల్టరులో కార్బన్‌తో పాటు రాగిని పట్టుకునే రెజిన్ సంచి పెట్టాము. లేత రంగులో ఉండే ఆ గింజలు రాగిని పట్టుకున్న కొద్దీ నీలంగా మారతాయి. పదో రోజు సంచి తీసి అరచేతిలో విప్పి చూస్తే నీరు తగిలే వైపు గింజలు ముదురు నీలంగా, వెనక వైపువి ఇంకా పాత రంగులో ఉన్నాయి. అంతవరకు కార్డు మీద రంగుగా మాత్రమే చూసిన రాగిని ఇంటివారు అప్పుడు కళ్లారా చూశారు.

మూడో వారం చివర కిట్ సున్నా చూపింది. ఇక్కడ ఆగిపోకూడదనుకున్నాను. రెజిన్ తీసేసి పది రోజులు వేచి చూస్తే కిట్ మళ్లీ 0.05 గడి రంగు చూపింది, రాళ్లు వదులుతున్నాయి. కొత్త రెజిన్ పెట్టి, సగం రాళ్లను తీసేసి కొత్త పొడి రాళ్లు చేర్చాము. మిగిలిన సగంలోని బ్యాక్టీరియా రెండు చిన్న చేపలకు సరిపోతుంది. అయినా ఆ వారమంతా రోజూ అమ్మోనియా చూడమన్నాను. అది సున్నాలోనే ఉంది. ఆగస్టులో మళ్లీ రెజిన్ లేకుండా రెండు వారాలు ఉంచితే రంగు మారలేదు.

అప్పుడు ఒక్క నత్తను వదిలాము. మూడు వారాలు ఆగి మరో మూడింటిని, సెప్టెంబరు నెలాఖరులో క్లీనర్ రొయ్యను తెచ్చాము. అక్టోబరులో ఒక ఉదయం ఇంటి యజమాని నుంచి ఫోను వచ్చింది. ట్యాంకు అడుగున రొయ్య తెల్లగా, కదలకుండా పడి ఉందని చెబుతుంటే ఆయన గొంతు తగ్గిపోయింది. ఫొటో పంపమన్నాను. మీసాలతో, కాళ్లతో, ఏ చోటా చిరగకుండా ఉన్న పారదర్శకమైన కుబుసం అది. రాళ్ల కింద టార్చి వేసి చూడమన్నాను. రొయ్య అక్కడే ఉంది, కొత్త పెంకు గట్టిపడేదాకా దాక్కుంది.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

మొదటి పరిశీలనకు వెళ్లినప్పుడు ఆర్వో మెషీన్ మూత తెరిపించి, అందులో ఉన్న కాట్రిడ్జ్‌లన్నీ వరసగా రాసుకుంటున్నాను. రాగి, జింకు, ఖనిజాలు కలిపే కాట్రిడ్జ్ ఏదైనా ఉంటే దానికి ముందే నీరు తీస్తాను, కుదరకపోతే వేరే ఆర్వో పెట్టమంటాను. రాత్రంతా రాగిబిందెలో ఉంచిన నీటిని కూడా ట్యాంకు దగ్గరికి రానివ్వొద్దని చెబుతాను. ఇది అనవసరమైన జాగ్రత్తలా అనిపించవచ్చు గాని, మంచినీరు కదా అని ఆ నీళ్లే పోసే ఇళ్లు ఉన్నాయి.

ఫ్యాన్లు పెట్టించే ప్రతి ఇంట్లోనూ ముందు పోసే నీటిని పరీక్షిస్తున్నాను. చిన్న ట్యాంకులో వేసవి రెండు నెలల్లో ఆవిరయ్యే నీరు ట్యాంకు నీటి కంటే ఎక్కువ కావచ్చు. నెలకు రెండుసార్లు మార్చే నీటి గురించి అందరం జాగ్రత్తపడతాము, రోజూ చెంబుతో పోసే నీటిని లెక్కలోకి తీసుకోము.

నీరు మార్చాక ప్రాణుల స్థితి దిగజారితే రెండోసారి మార్చడానికి ముందు వచ్చే నీటిని పరీక్షించడం కూడా ఇప్పుడు నా పద్ధతిలో భాగం. మేలో మొదటిసారి నీరు మార్చిన మర్నాడే పీతలు గుల్లలను వదులుగా పట్టుకుని, మేతకు రాకుండా ఉన్నాయని ఇంటివారు నాకు చెప్పారు. నేను దాన్ని పాత దోషం కింద లెక్కేసి, రెండోసారి మార్చమన్నాను. ఏప్రిల్ నత్తల మరణంలో వేడి భాగమెంత, రాగి భాగమెంత అన్నది ఇప్పుడు విడదీయలేను. ఆ రెండు పీతల విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. కిట్ ఖరీదు వాటి ఖరీదు కంటే తక్కువే, ఆ రోజు నా సంచిలో అది లేదు. ఇప్పుడు రిఫ్రాక్టోమీటరు పక్కనే ఉంటోంది.